పంచుకోవడం దొంగతనం కాదని నిరూపించిన మూడు రోజులు

దుమ్ము, ప్లగ్గులు, మిగిలిన ఉద్యోగం

కాలేజీలో కంప్యూటర్ లాబ్ చూసుకునే ఉద్యోగానికి ఎంపికైన ఒక అమ్మాయి ఈ మధ్య ఏలూరులో మా ఇంటికి వచ్చింది. "చేరేలోపు ఏం నేర్చుకోమంటారండీ మేడం?" అని అడిగింది. దుమ్ముకి తుమ్మకుండా ఉండడం నేర్చుకోమన్నాను. నవ్వింది. నేను నవ్వలేదు. ఇరవై ఎనిమిదేళ్లు తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీ లాబ్ నా చేతిలో ఉంది. అందులో సగం కాలం కంప్యూటర్ల పొట్ట విప్పి దుమ్ము ఊదడంతోనే గడిచింది. మిగతా సగం, ఆన్ కాని కంప్యూటర్ దగ్గరకి వెళ్లి ప్లగ్గు సరిగ్గా గుచ్చడంతో గడిచింది. ఎవరూ ఒప్పుకోరు గానీ మా వృత్తి రహస్యం ఆ ప్లగ్గే.

ఆ అమ్మాయికి చెప్పింది కొంచెమే. చెప్పవలసింది చాలా మిగిలిపోయింది. అందుకే రాస్తున్నాను. ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో, ఏ ఫారం ఎన్ని కాపీలు పెట్టానో రాయను. నా ఉద్యోగం మొత్తంలో నాకు బాగా నేర్పిన మూడు రోజులున్నాయి. ఒక బుధవారం పొద్దున మొదలై శుక్రవారం సాయంత్రానికి అయిపోయాయి. వాటి గురించే రాస్తాను.

ముందు ఒక సంగతి తెలియాలి. మా లాబ్‌లో కంప్యూటర్లు పాతవి. కొత్తగా వచ్చే సాఫ్ట్‌వేరు వాటి మీద కూర్చునేది కాదు. అప్పుడు నేను లినక్స్ నేర్చుకున్నాను. అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు. అంటే దాన్ని రాసినవాళ్లు లోపలి రాతంతా బయట పెట్టి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కాపీ తీసి పంచవచ్చు అని లైసెన్సులో ముందే రాసి ఇచ్చేశారు. దాన్ని ఎక్కించగానే చచ్చిపోయాయనుకున్న పన్నెండు కంప్యూటర్లు లేచి కూర్చున్నాయి. ఆ రోజు నేను ఒక్కదాన్నే లాబ్‌లో చప్పట్లు కొట్టుకున్నాను.

ఆ సంతోషంలో చుట్టుపక్కల బడులకి కూడా పంచడం మొదలుపెట్టాను. తెలుగు టైపింగు, లెక్కల పాఠాలు కలిపి ఒక మూట కట్టి, టొరెంట్ పద్ధతిలో మా కాలేజీ నెట్ నుంచి పెట్టాను. టొరెంట్ అంటే పెద్ద ఫైలుని ముక్కలు చేసి పంచుకోవడం. తీసుకుంటున్నవాళ్లే, వచ్చిన ముక్కల్ని పక్కవాళ్లకి ఇస్తూ ఉంటారు. జంగారెడ్డిగూడెం నుంచి తీసుకున్నారు, ఆకివీడు నుంచి తీసుకున్నారు. కొల్లేటికోట బడిలో మరియమ్మ గారని లెక్కల టీచరుండేవారు. ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్లు ఎనిమిది ఆవిడ దగ్గర ఉన్నాయి. అక్కడ నెట్ ఎంత నెమ్మదంటే, ఆవిడ వారం నుంచీ దించుకుంటూనే ఉన్నారు. రోజూ మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఇవాళ ఇంకో నాలుగు శాతం వచ్చిందండీ రజియా గారూ" అని చెప్పేవారు. కూతురి నెలలు లెక్క పెట్టుకునే తల్లిలా మాట్లాడేవారు.

బుధవారం

పొద్దున లాబ్ తెరిచేసరికి నెట్ లేదు. అలవాటు కొద్దీ ప్లగ్గు చూశాను. బాగానే ఉంది. అంతలో ప్రిన్సిపాల్ శాస్త్రి గారు రమ్మంటున్నారని కబురొచ్చింది.

శాస్త్రి గారు అర్చకుల ఇంట పుట్టి సంస్కృతం చెప్పి ప్రిన్సిపాల్ అయిన మనిషి. గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు ఆయన బల్ల మీద రెండు కాగితాలున్నాయి. మొదటిది మా ఇంటర్నెట్ కంపెనీ ఏలూరు ఆఫీసు నుంచి వచ్చిన నోటీసు. మీ కనెక్షన్ నుంచి పెద్ద ఎత్తున అక్రమంగా ఫైళ్లు పంచుతున్నారు, అందుకని లైను ఆపేశాం, సంజాయిషీ ఇవ్వకపోతే పోలీసులకి రాస్తాం అని దాని సారాంశం. రెండో కాగితం ఆయనే టైపు చేయించారు. దాని కింద నా పేరుంది.

"క్షమాపణ ఉత్తరమండీ," అన్నారు. "పొరపాటైంది, ఇకమీదట పంచమని రాశాను. మీరు సంతకం పెడితే రేపే లైను ఇచ్చేస్తారు. సోమవారం మన ఫైనలియర్ పిల్లలకి ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు కదా. నెట్ లేకపోతే వాళ్ల గతేంటి చెప్పండి."

పిల్లల ఇంటర్వ్యూల మాట వినగానే నా చెయ్యి పెన్ను దాకా వెళ్లింది. నిజమే చెబుతున్నాను. నాకు రిటైర్మెంటు ఇంకా ఏడు నెలలే ఉంది. ఆ సమయంలో పోలీసుల పేరు వింటే ఎవరికైనా పెన్షను గుర్తొస్తుంది. కానీ ఆ ఉత్తరంలో "చట్టవిరుద్ధంగా పంచిన సాఫ్ట్‌వేరు" అని ఒక మాట ఉంది. అక్కడ ఆగిపోయాను.

"సార్, ఇది నేను పెట్టలేనండీ. నేను పంచింది పంచమని ఇచ్చినదే. దీని మీద సంతకం పెడితే మన దగ్గర తీసుకున్న బడులన్నీ దొంగసొత్తు వాడినట్టు అవుతుంది."

"నిరూపించగలరా?"

"చాలా తేలికండీ," అన్నాను.

నా సర్వీసు మొత్తంలో నేనన్న అతి తెలివితక్కువ మాట అది.

"శుక్రవారం సాయంత్రం దాకా చూస్తాను," అన్నారు శాస్త్రి గారు. "తర్వాత సంతకం పెట్టాలి మరి."

గురువారం: ఏలూరు ఆఫీసు

లైసెన్సు ప్రింటు తీసుకుని ఆఫీసుకి వెళ్లాను. మేనేజరు వెంకటరత్నం గారు మర్యాదస్తుడు. కుర్చీ చూపించారు, టీ తెప్పించారు, నా కాగితాలు ఓపికగా తిప్పారు. తర్వాత అడిగారు:

"దీన్ని ఎంతకి కొన్నారండీ?"

"కొనలేదండీ. ఊరికే ఇస్తారు."

"మరి మీరు?"

"నేనూ ఊరికే ఇస్తానండీ."

"ఊరికే తీసుకుని ఊరికే ఇస్తున్నారు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మేడం, మీరేమీ అనుకోకండి. ఈ సీట్లో కూర్చున్నాక, ఊరికే ఇస్తున్నామన్న ఫైళ్లన్నీ దొంగవేనండీ నేను చూసినవి."

ఆ మాటకి కోపం రావాలి గానీ నాకు నవ్వొచ్చింది. ఆయన తప్పేముంది. ఆయనకి రోజూ కనబడేది అదే. లైసెన్సులో ముఖ్యమైన పేరా చదివి వినిపించాను. శ్రద్ధగా విని, సొరుగు లోంచి ఒక ఫారం తీశారు.

"అంతా బాగానే ఉందండీ. ఇక్కడ యజమాని అనుమతి అని ఒక కాలమ్ ఉంది. యజమాని సంతకం చేయించి తెచ్చేయండి, చాలు."

"యజమాని ఒకరు కాదండీ, వేలమంది. దేశదేశాల్లో ఉంటారు. వాళ్లంతా ఈ లైసెన్సులోనే ముందుగా ఒప్పేసుకున్నారు."

"వేలమందిలో ఒక్కరైనా మనకి అందుబాటులో ఉండరా అండీ?"

మాట మార్చి, ఉత్సాహం ఎక్కువై, అనకూడనిది అనేశాను. "మీ దగ్గర మా లైను మీద వెళ్లిన ఫైళ్ల చిట్టా ఉంటుంది కదండీ. తీసి చూడండి. అందులో ఒక్కటంటే ఒక్కటి అక్రమమైనది ఉంటే, మీరేం రాయమంటే అది రాసిస్తాను."

ఆయన చిట్టా తెరిచారు. పద్నాలుగు ఫైళ్లున్నాయి. ఒక్కొక్కటీ నేను గర్వంగా చెప్పుకుంటూ పోయాను. ఇది మూట, ఇది తెలుగు టైపింగు, ఇది లెక్కల పాఠం. పదమూడు అయ్యాయి. పద్నాలుగోది ఒక పాత పౌరాణిక సినిమా.

వెంకటరత్నం గారు నా వైపు టీ కప్పు కొంచెం జరిపారు. ఆ మర్యాదకి నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ చిట్టా నా దగ్గరా ఉంది. బుధవారమే నేను తెరిచి చూసుకోవలసింది. నాది న్యాయం అన్న ధీమాలో చూడలేదు. న్యాయం మన వైపు ఉన్న రోజునే మన చిట్టా రెండుసార్లు చూసుకోవాలి.

నేరస్థుడు దొరికాడు

రైల్లో తిరిగి వస్తున్నంతసేపూ అనుమానితుల జాబితా వేసుకున్నాను. కామర్సు వాళ్లా, హాస్టలు పిల్లలా అని. కాలేజీకి రాగానే లాబ్‌లో ఉన్న చిట్టా తీశాను. ఆ సినిమా దిగిన కంప్యూటరు ఏదో చూసి, నంబరు తప్పు చదివానేమోనని మళ్లీ చూశాను. అది ప్రిన్సిపాల్ గారి గదిలోది.

లోపలికి వెళ్లి ఎలా అడగాలో తెలియక నిలబడ్డాను. సినిమా పేరు చెప్పి, "మీకేమైనా తెలుసా సార్?" అన్నాను. శాస్త్రి గారి మొహం వెలిగిపోయింది.

"తెలీకపోవడమేంటండీ. మా అమ్మగారికి అందులో పద్యాలన్నీ కంఠస్థం. ఎనభై నాలుగేళ్లు. మొన్న చూపిస్తే ఆవిడ నటుల కన్నా ముందే పాడేస్తున్నారు. మీ ధర్మమే అదంతా."

"నా ధర్మమా?"

"మీరే కదండీ, ఆ టొరెంట్ నా కంప్యూటర్లో పెట్టి, ఏదైనా ఇలా దించుకోవచ్చని చూపించింది."

చూపించాను. బడులకి ఎలా వెళుతుందో ఆయనకి అర్థం కావాలని నేనే పెట్టాను. ఎలా దించాలో చెప్పాను గానీ ఏది దించకూడదో చెప్పలేదు. మా నాన్నగారు ఏలూరులో తివాచీలు నేసేవారు. కొత్తవాళ్లకి కత్తెర ఇచ్చే ముందు ఏ దారం కొయ్యకూడదో చూపించేవారు. ఆయన కూతుర్ని, ఆ చిన్న సంగతి మరిచిపోయాను.

విషయం చెప్పాను. పాత సినిమా అయినా హక్కులు ఎవరో ఒకరివి ఉంటాయని, అది దిగుతున్నప్పుడే మన దగ్గర నుంచి పదిమందికి వెళ్లిందని, మన మీద పడ్డ దెబ్బలో దాని వాటా కూడా ఉండొచ్చని. నా పేరున టైపు చేయించిన క్షమాపణ ఉత్తరం ఇంకా బల్ల మీదే ఉంది. ఆయన దాన్ని తీసి, నాలుగు ముక్కలు చేసి, చెత్తబుట్టలో వేశారు.

"అయితే క్షమాపణ చెప్పవలసింది నేనండీ," అన్నారు. "రేపు నేనూ వస్తాను."

నాకు చాలామంది పైఅధికారులు దొరికారు. తప్పు కింది వాళ్ల మీదకి జారవిడిచేవాళ్లని చూశాను, ఫైలు కింద తొక్కిపెట్టేవాళ్లని చూశాను. ఆ ఒక్క వాక్యంతో శాస్త్రి గారు వాళ్లందరినీ దాటిపోయారు. ఆయన ఆ సినిమా ఫైలు చెరిపేసి, సొంత దస్తూరీతో ఒక పేజీ ఉత్తరం రాశారు. అందులో రెండు చోట్ల సంస్కృతం ఎక్కువైతే నేను తగ్గించాను.

శుక్రవారం

పొద్దున పాసింజరు బండిలో ఎదురెదురుగా కూర్చున్నాం. వేరుశనక్కాయలు కొనుక్కున్నాం. భీమడోలు దాటాక శాస్త్రి గారు నా వైపు వంగి మెల్లగా అన్నారు:

"రజియా గారూ, జీవితంలో మొదటిసారి నేరం చేశానండీ. ఒప్పుకోబోతున్నాను కూడా. అనకూడదు గానీ, భలే హుషారుగా ఉందండీ."

ఇద్దరం పగలబడి నవ్వాం. పక్కసీటావిడ మా సంచులు ఒకసారి చూసి తన సంచి దగ్గరకి లాక్కుంది. దాంతో ఇంకా నవ్వాం.

వెంకటరత్నం గారు ఉత్తరం చదివారు. తప్పు చేశాననే ప్రిన్సిపాల్‌ని ఏం చెయ్యాలో ఆయన ఫారాల్లో లేనట్టుంది. "కూర్చోండి సార్, మీరెందుకండీ ఇంత దూరం," అంటూ కంగారుపడి ఇద్దరికీ రెండేసి టీలు తెప్పించారు. సినిమా సంగతి అలా ముగిసింది. కానీ మిగతా పదమూడు ఫైళ్ల మాట తేలలేదు.

"పేర్లు ఏవైనా పెట్టుకోవచ్చు కదండీ," అన్నారు. "పాఠం అని పేరు పెట్టి లోపల ఇంకోటి ఉండొచ్చు."

అది మంచి ప్రశ్న. దానికి నా దగ్గర మంచి జవాబుంది. ప్రతి ఫైలుకీ లెక్క కడితే అరవై నాలుగు అక్షరాల, అంకెల వరస ఒకటి వస్తుంది. మనిషికి వేలిముద్ర లాంటిది. ఫైలులో ఒక్క చుక్క మారినా వరస మొత్తం మారిపోతుంది. "నా మాట నమ్మొద్దండీ," అన్నాను. "తయారు చేసినవాళ్ల సైటు మీ కంప్యూటర్లో మీరే తెరవండి. వాళ్లు పెట్టిన వరస మీరు చదవండి. నేను పంచిన ఫైళ్లే ఈ డిస్కులో తెచ్చాను, వాటి వరస ఇక్కడే ఇంకో కంప్యూటర్లో కడదాం. రెండూ ఒకటో కాదో చూడండి."

ఆయన తెరిచారు. చదవడం మాత్రం శాస్త్రి గారు తీసుకున్నారు. "ఏడు, ఎఫ్, మూడు, సున్నా, సి," అని మొదలుపెట్టారు. వేదం చెప్పుకున్న గొంతు కదా, నాలుగో అంకె దగ్గరకి వచ్చేసరికి స్వరం ఎక్కింది. ఎఫ్ దగ్గర పైకి లేపుతున్నారు, సున్నా దగ్గర కిందికి దించుతున్నారు. ఆఫీసులో టైపు చేస్తున్నవాళ్లు ఆపేశారు. బిల్లు కట్టడానికి వచ్చిన పెద్దాయన చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ఆ రెండో కంప్యూటరు తెర మీద ఒక్కొక్క అక్షరం వేలితో చూపిస్తున్నాను, వెంకటరత్నం గారు టిక్కు పెడుతున్నారు. అరవై నాలుగూ కలిశాయి. రెండో ఫైలూ కలిసింది. మూడోది మొదలయ్యేసరికి ఆఫీసులో ఉన్నవాళ్లంతా కూడా గొంతు కలుపుతున్నారు.

ఐదో ఫైలు తర్వాత ఆయన, సైట్లున్న మిగతావాటికి కూడా ఇదే చాలన్నారు. ఇక వేరుగా తేల్చవలసింది నేను కట్టిన మూట. దానికి సైటు ఏదీ లేదు కాబట్టి దాన్ని అక్కడే విప్పి, లోపల ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటీ తెరిచి చూపించాను. ఆయన సందేహాలన్నీ తీరాయి. అయినా ఫారం మీద ఆ కాలమ్ మాత్రం ఖాళీగా ఉంది.

"నేను నమ్ముతున్నానండీ," అన్నారు బాధగా. "పైవాళ్లు ఈ కాలమ్ ఖాళీగా ఉంటే వెనక్కి పంపేస్తారు."

నేను లైసెన్సుతో పాటు, సాఫ్ట్‌వేరుకి పనిచేసినవాళ్ల పేర్ల జాబితా కూడా ప్రింటు తెచ్చాను. ఇంతమంది సంతకాలు ఎలా తెస్తానో చూడమని చెప్పడానికే తెచ్చాను. దస్తా అంత కట్ట. ఆయన ఊరికే పేజీలు తిప్పుతూ తెలుగు అనువాదకులు అన్న చోట ఆగారు.

"ఈ ఇంటిపేరు మా తణుకు వైపుదండీ," అంటూ కిందికి వెళ్లారు. ఇంకా కిందికి వెళ్లారు. వేలు ఒక చోట నిలిచిపోయింది.

"షేక్ రజియా, ఏలూరు. ఈవిడ ఎవరండీ?"

అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది. చాలా ఏళ్ల కిందట, వేసవి సెలవుల్లో, ఈ సాఫ్ట్‌వేరు తెర మీద ఇంగ్లీషులో వచ్చే మాటలకి తెలుగు మాటలు రాసి పంపాను. రెండు మూడు వందలు ఉంటాయేమో. పంపి మరిచిపోయాను. వాళ్లు మరిచిపోలేదు.

"నేనేనండీ," అన్నాను.

"అంటే ఇందులో కొంత భాగం మీదే."

"చాలా కొంచెమండీ. లైసెన్సు ఎలాగూ అందరూ ఇచ్చేసిందే, నా సంతకంతో కొత్తగా వచ్చే హక్కేమీ..."

"మేడం," అన్నారు వెంకటరత్నం గారు ఫారం నా వైపు తిప్పుతూ. "ఇక్కడండీ. యజమానులలో ఒకరు అని రాసి పెట్టండి."

శాస్త్రి గారు తన పెన్ను తీసి ఇచ్చారు. నవ్వు ఆగక సంతకం రెండుసార్లు పెట్టవలసి వచ్చింది. ఏలూరులో పుట్టి, ఏలూరులో పెరిగి, ప్రపంచమంతా వాడే వస్తువుకి యజమానులలో ఒకరినని ఏలూరులోనే తేలింది.

మేం తాడేపల్లిగూడెం స్టేషను దిగేలోపే లైను వచ్చేసింది. సోమవారం పిల్లల ఇంటర్వ్యూలు ఎక్కడా ఆగకుండా జరిగాయి. కొందరికి ఉద్యోగాలు వచ్చాయి, కొందరికి రాలేదు. కానీ నెట్ లేక ఎవరికీ పోలేదు. మరియమ్మ గారి ఎనిమిది కంప్యూటర్లూ ఆ నెలలోనే తెలుగులో పలకరించాయి.

తర్వాత

ఈ మూడు రోజుల నుంచి ఏం తీసుకోవాలని అడిగితే చెబుతాను. మీకు అన్నీ తెలుసని అవతలివాళ్ల మీద విసుక్కోకండి. వెంకటరత్నం గారు అడిగిన ఏ ప్రశ్నా తెలివితక్కువది కాదు. నాకు జవాబులు అలవాటైపోయి, ప్రశ్నలు వినడం మానేశాను. నమ్మమని అడగకండి, వాళ్ల చేతే సరిచూడనివ్వండి. ఎవరికైనా ఒక పనిముట్టు ఇస్తే దానితో ఏం చెయ్యకూడదో కూడా అప్పుడే చెప్పండి, ఆయన ప్రిన్సిపాల్ అయినా సరే.

రిటైరైన రెండో నెలలో వెంకటరత్నం గారు ఫోన్ చేశారు. జంగారెడ్డిగూడెంలో ఒక కాలేజీకి అచ్చం మాకు వచ్చినట్టే నోటీసు వెళ్లిందట.

"పైవాళ్లకి ఏం రాయాలో చెప్పమంటారా అండీ?" అన్నాను, కళ్లజోడు వెతుక్కుంటూ.

"అక్కర్లేదు మేడం. నేను రాశాను. సరిగ్గా ఉందో లేదో మీరు వినండి చాలు."

చదివారు. లైసెన్సు అంటే ఏమిటో, వేలిముద్ర ఎలా సరిచూడాలో, ఊరికే ఇచ్చినదీ దొంగిలించినదీ ఒకటి ఎందుకు కాదో, అన్నీ ఉన్నాయి. నేను చెప్పినదానికన్నా తేలిగ్గా ఉంది. మధ్యలో ఆపడానికి ఒక్క చోటు కూడా దొరకలేదు.

"తప్పేమైనా ఉందా అండీ?"

"ఒక్కటి కూడా లేదండీ."

ఆయన కొంచెం మొహమాటంగా అడిగారు: "భీమవరం ఆఫీసు వాళ్లు కూడా ఈ ఉత్తరం అడుగుతున్నారండీ. ఇందులో సగం మీరు చెప్పినవే కదా. మీరు ఒప్పుకుంటే వాళ్లకి ఒక కాపీ పంపుతాను."

"పంపేయండి," అన్నాను. "వాళ్లని ఇంకొకరికి పంపుకోమనండి."